ఊరు అడిగిన రెండో దెబ్బ

మా ఊళ్ళో రాజు వేషం నటుడికి రాదు, ఊరి పెద్దకు వస్తుంది. అమ్మవారి తీర్థంలో స్టేజీ కట్టించేదెవరో, జనరేటరు పెట్టించేదెవరో, భీమవరం నుంచి మేకప్ మనుషుల్ని రప్పించేదెవరో, కిరీటం వాళ్ళ నెత్తిన పెడతారు. మా నాన్న చిన్నతనంలో ఒక మునసబుగారు వేసేవారట. ఆయనకు నత్తి. "తీ తీ తీసుకుపోండి వీణ్ణి" అనే మాట పూర్తయ్యేదాకా భటుడు ఖైదీ రెక్క పట్టుకుని ఓపిగ్గా నిలబడేవాడట. ఊరు మాత్రం నవ్వు బిగబట్టి చప్పట్లు కొట్టేదట. నా కాలానికి ఆ కిరీటం ప్రెసిడెంటుగారికి వచ్చింది. నిజానికి పంచాయతీ ప్రెసిడెంటు ఆయన భార్య. సంతకం ఆవిడది, కుర్చీ ఆయనది. మా ఊరి నుంచి మొగల్తూరు వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా కనిపించే రొయ్యల చెరువుల్లో సగానికి పైగా ఆయనవే.

నేను పక్క ఊరి హైస్కూల్లో తెలుగు టీచర్ని. భర్త పోయాక పుట్టింటికి వచ్చి అమ్మతోనూ తమ్ముడితోనూ ఉంటున్నాను. విధవరాలు స్టేజీ ఎక్కడమేంటని మొదట్లో ఊరు గొణిగింది. గొణిగినవాళ్ళే నాటకం రోజున ముందు వరసలో చాపలు పరుచుకునేవాళ్ళు, నేను వాళ్ళనెప్పుడూ పట్టించుకోలేదు.

మేం వేసే నాటకం మా ఊరి పాత హెడ్మాస్టరుగారు రాసిపెట్టి పోయింది. కథ పాతదే, ఏ దేశంలో చెప్పినా ఒకటే. ఒక రాజు. అతనికి ఎదురుతిరిగి చచ్చిన ఒక కుర్రాడు. వాడి శవాన్ని కోట బయట కుక్కలకు వదిలెయ్యమనీ, దహనం చేసినవాళ్ళకు ఉరి అనీ రాజు చాటింపు వేయిస్తాడు. వాడి అక్క ఒక్కతే వెళ్ళి చితి పేర్చి నిప్పు పెడుతుంది. భటుడు ఆమెను పట్టుకొస్తాడు. సభలో రాజుకూ ఆమెకూ వాదం జరుగుతుంది, రాజు ఆమె చెంప మీద కొడతాడు, ఆమె పద్యం ఎత్తుకుంటుంది, ఆ తరువాత ఉరి. ఆఖరి రంగంలో రాజు ఖాళీ సభలో ఒక్కడూ మిగిలిపోతాడు. ఆ అక్క వేషం ఎన్నో ఏళ్ళుగా నాది. భటుడి వేషం ప్రెసిడెంటుగారి చెరువుల దగ్గర కాపలా కాసే మనిషిది. బక్కపలచని మనిషి, ఈటె పట్టుకుంటే ఈటే లావుగా కనిపించేది. అతను స్టేజీ మీదికి రాగానే పిల్లలు నవ్వేవాళ్ళు.

చెంపదెబ్బ ఉత్తుత్తిదే. రాజు చెయ్యి నా చెంప దగ్గరదాకా వచ్చి ఆగుతుంది, నేను తల తిప్పుతాను, పక్కన డోలక్ వాయించే ఆయన ఫెళ్ళుమని ఒక్కటి వేస్తాడు. ఆ చప్పుడుకు ముసలమ్మలు "నీ చెయ్యి పడిపోనూ" అని రాజును శపించేవాళ్ళు. కళ్ళొత్తుకునేవాళ్ళు. మర్నాడు పొద్దున్న అదే రాజు బుల్లెట్ బండి మీద ఎదురైతే ఆ ముసలమ్మలే రోడ్డు దిగి నిలబడి "దండాలు బాబుగారూ" అనేవాళ్ళు. స్టేజీ మీది దుర్మార్గుణ్ణి తిట్టుకోవడానికి మా ఊరికి ధైర్యం పుష్కలంగా ఉంది. ఆ ధైర్యం తెర పడగానే చాపలతో పాటు చుట్టి ఇంటికి తీసుకుపోతారు.

మా తమ్ముడు నాకన్నా బాగా చిన్నవాడు. నాన్న పోయేనాటికి వాడికి నిక్కర్లు నేనే తొడిగేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా సంబంధం తెస్తే "ముందు మా అక్క నోరు భరించే పిల్లని చూడండి" అనేవాడు. రిహార్సల్ నుంచి నేను ఆలస్యంగా వస్తే గుమ్మంలో కూర్చుని "చచ్చినోడి మీద చాలా ప్రేమ ఒలకబోసి వచ్చావు గానీ, బతికున్నోడికి కాస్త పులుసు పొయ్యి" అనేవాడు. కాలువ కింద మాకున్న చిన్న చేను వాడే చేసేవాడు. నోరు నాకన్నా చిన్నది, పట్టుదల పెద్దది.

గొడవంతా నీళ్ళ దగ్గర వచ్చింది. ప్రెసిడెంటుగారి చెరువుల్లోని ఉప్పునీళ్ళు ఒక తూము గుండా మా పంటకాలువలోకి వదిలేవాళ్ళు. కాలువ నీళ్ళే ఊరి మంచినీళ్ళ చెరువులోకి పోతాయి. మొదట పప్పు ఉడకడం మానేసింది. తరువాత మా చేలో నారు ఎర్రబారింది. తరువాత ఆ నీళ్ళు తాగిన చూడి గేదెలు నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. మా తమ్ముడు ప్రెసిడెంటుగారి గుమ్మంలోకి వెళ్ళి తూము కాలువలోకి కాకుండా వేరే వైపు తిప్పించమని మర్యాదగానే అడిగాడు. ఆయన మజ్జిగ ఇప్పించి పంపించేశారు. వాడు మండలాఫీసుకు వెళ్ళాడు, వాళ్ళు మజ్జిగ కూడా ఇవ్వలేదు. చివరికి ఇసక బస్తాలు మోసుకెళ్ళి తూమును తనే పూడ్చేశాడు. వాళ్ళు తవ్వేశారు. మళ్ళీ పూడ్చాడు.

"నీళ్ళలో ఉండి మొసలితో వైరమేంట్రా" అంది అమ్మ.

"ముందు ఆ నీళ్ళు తాగేలా ఉండాలి కదమ్మా, మొసలి సంగతి తరవాత చూద్దాం" అన్నాడు వాడు.

ఆ రోజు నేను ఎనిమిదో తరగతికి పాఠం చెప్తున్నాను. బల్ల మీద ఫోను అదేపనిగా వణుకుతుంటే తీశాను. తమ్ముడు రొయ్యల చెరువులో జారిపడ్డాడనీ, నీళ్ళు చిలికే ఏరియేటర్ ఫ్యాను తగిలిందనీ, ఇంటికి తెచ్చేశారనీ ఎవరో చెప్పారు. తెచ్చేశారు అన్న మాటకు అర్థం స్కూటీ మీద వస్తున్నంతసేపూ నాకు తెలియలేదు, తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

వాణ్ణి అరుగు మీద పడుకోబెట్టారు. తల వెనక మెత్తగా ఉంది. చెయ్యి పెట్టి చూసినదాన్ని, చెప్తున్నాను. పక్కటెముకలు ఒకవైపు లోపలికి పోయాయి. రెండు మోచేతుల కింద నల్లగా, అడ్డంగా, కర్ర మందాన గీతలు ఉన్నాయి. తల మీదికి దెబ్బ వస్తుంటే మనిషి చేతులు ఎలా అడ్డం పెట్టుకుంటాడో నాకు తెలుసు. నీళ్ళలో జారిపడ్డవాడు చేతులు అలా పెట్టుకోడు. ఫ్యాను తగిలినవాడికి గీతలు ఒకే మందాన పడవు.

దండ అందరికన్నా ముందు ప్రెసిడెంటుగారే తెచ్చారు. వాడి గుండెల మీద వేసి, కండువాతో కళ్ళు తుడుచుకుని, "పెళ్ళి కానివాడు, ఎక్కువసేపు ఉంచకూడదు, పాడె కట్టించండి" అన్నారు. వెదుళ్ళు అప్పటికే ఆయన ట్రాక్టరులో ఉన్నాయి. కట్టెలు శ్మశానానికి వెళ్ళిపోయాయి. పంతులుగారు వచ్చేశారు. ఊరి మగాళ్ళు గబగబా తాళ్ళు ముడేస్తున్నారు. నాటకంలో రాజు శవాన్ని కుళ్ళిపొమ్మంటాడు, అక్క కాల్చడానికి ప్రాణం ఇస్తుంది. మా రాజు కాల్చెయ్యమంటున్నాడు. అక్కడే నాకు ఒళ్ళు భగ్గున మండింది. నేను ఏళ్ళ తరబడి కంఠతా పట్టిన పద్యాల్లో ఒక్కటీ ఆ పూటకు పనికిరాదని అర్థమైంది.

"పోస్టుమార్టం కావాలి. పోలీసులు వచ్చేదాకా ముట్టుకోవద్దు" అన్నాను.

"టీచరుగారూ, శవాన్ని కోయించుకుంటారా ఎవరైనా? పరువు గల కుటుంబం" అన్నారు ఆయన, చాలా మెత్తగా.

వాణ్ణి పాడె మీదికి చేర్చారు. నేను వెళ్ళి అడ్డంగా పడ్డాను. తమ్ముడి పక్కన, తమ్ముడి మీద. వాడి చొక్కా ఇంకా తడిగానే ఉంది. ఆయన మనుషులు ఇద్దరు వచ్చి నా భుజాలు పట్టి లాగారు. వెదురు పట్టుకుని వదల్లేదు. అప్పుడొకడు నా జుట్టు చేతికి చుట్టుకుని లాగాడు. రెండోవాడు నా వేళ్ళు ఒక్కొక్కటే వెదురు మీంచి ఊడదీశాడు. ఒక వేలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది, నొప్పి తరువాత వచ్చింది. వాకిలంతా జనం ఉన్నారు. "పాపం, దుఃఖం, పట్టుకోండి" అన్నారు కానీ నన్ను పట్టుకోమన్నారు, వాళ్ళను కాదు. అమ్మ అరుగు స్తంభానికి ఆనుకుని అందరి మొహాలూ వరసగా చూస్తూ ఉంది.

ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. నేను వెనకాలే పరుగెత్తాను. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. పోయినవాడి చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పిలవాలి, ఒకవేళ ప్రాణం ఉంటే లేస్తాడని ఆశ. మాకు దగ్గరి మగదిక్కు లేదు. "నేను పిలుస్తాను, నా కొడుకులాంటివాడు" అని ప్రెసిడెంటుగారు మోకాళ్ళ మీద కూర్చుని తమ్ముడి చెవిలో నోరు పెట్టారు.

"లేరా" అన్నారు. "లేరా, లేరా."

"నువ్వు పిలిస్తే ఎలా లేస్తాడ్రా! నిన్ను చూస్తే ప్రాణం ఉన్నవాడు కూడా లేవడు!" అని అరిచాను. ఊళ్ళో ఆయన్ని ఏకవచనంలో పిలిచిన మొదటి గొంతు అదే. ఎవడో నన్ను వెనక నుంచి తన్నాడు. దారి పక్క నీళ్ళ బోదెలో పడ్డాను. లేచి శ్మశానం చేరేసరికి చితి అంటుకుంది.

విరిగిన వేలికి కట్టు కట్టించుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళాను. ఎస్సైగారు కుర్చీ వేయించారు, టీ ఇప్పించారు. "శవం లేదు, పోస్టుమార్టం లేదు, డాక్టరు కాగితం లేదు. ఏదో ఒక ఆధారం ఉండాలండి నాకు. చూసినవాళ్ళు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కర్ని తీసుకురండి, నేను కేసు కడతాను" అన్నారు. ఆయన నిజంగానే అన్నారో, వదిలించుకోవడానికి అన్నారో తెలియదు. నేను మాత్రం నిజంగానే అన్నారనుకున్నాను. అప్పటి నుంచి నాకు ఒక్కటే పని. చూసిన కళ్ళు కావాలి.

కళ్ళకు కొదవ లేదు. ఆ రోజు ఆ చెరువులో రొయ్యల పట్టుబడి. వల లాగేవాళ్ళు, ఐసు వేసేవాళ్ళు, ట్రేలు మోసే ఆడవాళ్ళు, లారీ డ్రైవరు, గట్టు నిండా మనుషులే. ఇల్లిల్లూ తిరిగాను. "అప్పుడే అటు తిరిగానండి" అన్నాడొకడు. "ఎండ కళ్ళలో కొట్టిందండి" అన్నాడు ఇంకొకడు. ఒకావిడ తలుపు సందులోంచి "నాకు పిల్లలున్నారండి" అంది, అది మాత్రం నిజం. కాపలా మనిషి, అదే మా భటుడు, ఇంటికి వెళ్తే వెనక దొడ్డిలోంచి గోడ దూకి పారిపోయాడు. ఆ తరువాత నన్ను ఎక్కడ చూసినా సైకిలు తిప్పేసేవాడు. అంత పిరికి మనిషిని నేను చూళ్ళేదు. అలాగని అతని మీద కోపం ఉంచుకోవడం కూడా చేతకాలేదు, చితక్కొట్టడానికి ఆ ఒంట్లో ఏముందని.

తీర్థం వచ్చింది. మా ఇంట్లో ఏటిసూతకం, ఏడాది తిరిగేదాకా పండగా పబ్బం ఉండకూడదు, వేషం వెయ్యడమన్న మాటే లేదు. అలాంటిది ప్రెసిడెంటుగారే కబురు పంపారు. "టీచరుగారు లేకపోతే నాటకం లేదు, బాధ మరిచినట్టూ ఉంటుంది" అని. నాకు నవ్వొచ్చింది. ఆయన పక్కన నేను రంగు పూసుకుని నిలబడితే ఇక ఊళ్ళో అనుమానం అన్నది మిగలదు. అక్కే ఆయనతో కలిసి ఆడుతుంటే మనకేంటి అనుకుంటారు. తెలివైన ఎత్తే.

"వేస్తానని చెప్పండి" అన్నాను.

వీధి వీధంతా నా మీద ఉమ్మేసింది. తమ్ముడు పోయి సంవత్సరమైనా తిరక్కుండా ముఖానికి రంగా అన్నారు. అమ్మ మాత్రం నాటకం రోజున నా జడ తనే అల్లుతూ, "ఊరంతా ఒక్కచోట కూర్చుని నోరు మూసుకుని వినే రోజు ఏడాదికి ఒక్కటే. వెళ్ళు" అంది.

పొద్దు కుంకగానే తెర లేచింది. మొదటి రంగాలు ఎప్పటిలాగే నడిచాయి. ప్రెసిడెంటుగారికి చాటింపు డైలాగు మధ్యలో మరుపు వచ్చింది, పక్కనుంచి అందించారు. నేను అట్టముక్కల చితికి ఎర్ర బల్బు నిప్పు పెట్టాను. భటుడు నన్ను పట్టుకొచ్చాడు. నా రెక్క పట్టుకున్నాడే గానీ నా మొహం వైపు చూడలేదు. సభ రంగం మొదలైంది.

రాజు అడగాల్సింది అడిగాడు. "నీ తమ్ముడు రాజద్రోహి అని తెలియదా?" అక్క చెప్పాల్సిన జవాబు వేరు. నేను అది చెప్పలేదు.

"నా తమ్ముడు ద్రోహి కాదు" అన్నాను. "మంచినీళ్ళు అడిగాడు. నువ్వు వాణ్ణి రొయ్యల చెరువు గట్టు మీద కర్రలతో కొట్టి చంపించావు. చంపి, దండ వేశావు. చంపి, వాడి చెవిలో లేరా అని పిలిచావు."

మైకు నా మెడ దగ్గరే ఉంది. మాట తీర్థం చివర రంగులరాట్నం దాకా వినిపించింది. జనానికి ఒక్క క్షణం పట్టింది, కాదు, జనానికి అర్థం కానేలేదు. కొత్త డైలాగు అనుకున్నారు. అర్థమైంది ఒక్కరికే. కిరీటం కింద ఆయన మొహం రంగులోంచి కూడా తెల్లబడింది. చెయ్యి లేచింది. అది నా చెంప దగ్గర ఆగలేదు.

నేల మీద పడ్డాను. నోట్లో ఉప్పగా తగిలింది. డోలక్ ఆయన అలవాటు కొద్దీ ఫెళ్ళుమని తన దెబ్బ తను వేశాడు. చప్పుళ్ళు రెండూ కలిసిపోయాయి. అంతే, జనం విరుచుకుపడ్డారు, చప్పట్లు, ఈలలు, ఎక్కడో మొదలై అన్ని వైపులా పాకిన కేక.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

పద్యం బాగుంటే మా వైపు వన్స్ మోర్ అంటారు. పాడినవాడు ఆ పద్యం మళ్ళీ మొదటి నుంచి పాడాల్సిందే. పాడకపోతే ఊరిని అవమానించినట్టు. చచ్చిపోయిన వేషగాడు లేచి పాడి మళ్ళీ చచ్చిన సందర్భాలున్నాయి. కానీ చెంపదెబ్బకు వన్స్ మోర్ అడగడం నేను ఎప్పుడూ వినలేదు. అంత సహజంగా కుదిరింది వాళ్ళకు.

నేను లేచాను. ఎందుకు లేచానో అడక్కండి. ఆయన జనం వైపు చూశారు. కోపంతో బిగుసుకున్న మొహం నెమ్మదిగా విచ్చుకుంది. నవ్వారు. ఊరే అడుగుతోంది కదా. ఈసారి తొందరపడకుండా, కాలు కాస్త వెనక్కి వేసి, భుజం తిప్పి కొట్టారు. పై వరస పన్ను ఒకటి విరిగి నాలిక మీద పడింది. రెండో దెబ్బలో ఆయనకు కోపం లేదు. సరదా ఉంది. తమ్ముడి మీద మొదటి దెబ్బ ఎలా పడిందో నాకు తెలియదు, తరువాతివి ఎలా పడ్డాయో మాత్రం అప్పుడు తెలిసింది.

పన్ను చేతిలోకి ఉమ్మి, మళ్ళీ లేచి, ఆయన ఎదురుగా నిలబడ్డాను. రక్తం గడ్డం మీంచి తెల్లచీర మీదికి కారుతోంది. ముందు వరసలో చేపలమ్మే ముసలామె లేచి నిలబడింది.

"ఓరి నాయనో, అది రంగు కాదురా! నిజం నెత్తురు!" అంది.

కేకలు ఆగిపోయాయి. అంత జనంలో జనరేటరు చప్పుడు ఒక్కటే మిగిలింది. ఒక్కరూ స్టేజీ వైపు కదల్లేదు. ఆయన చెయ్యి మూడోసారి లేచింది. దాన్ని అడగడానికి ఎవరూ లేరు, అయినా లేచింది. పిడికిలి బిగించి ఉంది.

ఆ చేతిని భటుడు పట్టుకున్నాడు.

ఈటె కింద పడేసి, రెండు చేతులతో ప్రెసిడెంటుగారి మణికట్టు పట్టుకుని వేలాడాడు. "వద్దండి, వద్దండి బాబూ, చచ్చిపోద్దండి" అంటున్నాడు, ఏడుస్తున్నాడు. ఆయన విదిలించి అతని పొట్టలో తన్నారు. అతను వదల్లేదు. మోకాలితో మొహం మీద కొట్టారు. ముక్కు చితికింది, అయినా వదల్లేదు. కిరీటం దొర్లి డోలక్ ఆయన ఒళ్ళో పడింది. ఎవరో తెర లాగేశారు.

మర్నాడు పొద్దున్న అమ్మ నా నోట్లో ఉప్పునీళ్ళు పోసి పుక్కిలింపిస్తుంటే అతను వచ్చాడు. ముక్కు వాచి మొహం సగం కనిపించడం లేదు. భార్య కూడా వచ్చింది. గుమ్మం బయటే నిలబడ్డారు.

"పని నుంచి తీసేశారండి, ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు" అన్నాడు. "ఆయ్, దాని గురించి కాదండి నేను వచ్చింది. చెయ్యి పట్టుకున్నాక ఇంకేముందండి దాచడానికి. నేను చూశానండి టీచరమ్మగారూ. కాపలా పాకలోంచి మొత్తం చూశాను. స్టేషన్లో చెప్తాను."

"కొడతారు" అన్నాను.

"కొడతారండి" అన్నాడు.

కొట్టారు. తరువాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఇనప పైపుతో మోకాలు విరగ్గొట్టి మొగల్తూరు రోడ్డు పక్కన పడేశారు. ఇప్పటికీ కాలు ఈడ్చుకుంటూనే నడుస్తాడు. ఇచ్చిన వాంగ్మూలం మాత్రం వెనక్కి తీసుకోలేదు. అతని తరువాత ట్రేలు మోసిన ఆడవాళ్ళలో ఒకావిడ చెప్పింది, ఆ తరువాత లారీ డ్రైవరు. ప్రెసిడెంటుగారు కొన్నాళ్ళు లోపలుండి బెయిలు మీద వచ్చారు, కేసు వాయిదాల మీద నడుస్తోంది. తూము మాత్రం పూడ్చారు. తీర్థంలో నాటకం ఆగిపోయింది, రాజు వేషానికి ఎవరూ ముందుకు రావడం లేదట. ఈ ఊరి గురించి నాకు భ్రమలేమీ లేవు. వన్స్ మోర్ అన్నవాళ్ళు ఎవరూ ఇంతవరకు నా ఎదుటికి వచ్చి తప్పైందని అనలేదు, అంటారని నేను ఎదురుచూడ్డమూ లేదు.

ఆ పొద్దున్న అతన్ని నా స్కూటీ వెనక ఎక్కించుకుని స్టేషనుకు తీసుకెళ్ళాను. ఎస్సైగారు మా ఇద్దరి మొహాలూ చూసి, ఈసారి టీ సంగతి ఎత్తకుండా కాగితం తీశారు. అతను చెప్పుకుపోయాడు. మా తమ్ముడు తూము దగ్గర బస్తాలు వేస్తుంటే నలుగురు వచ్చారని, ప్రెసిడెంటుగారు గట్టు మీద కుర్చీలో కూర్చుని చూశారని, మొదటి దెబ్బకు తమ్ముడు పడి లేచాడని, ఎదురు మాట్లాడాడని, ఆ తరువాత ఆయనే లేచి వచ్చి కర్ర అందుకున్నారని. వల లాగేవాళ్ళు వల ఆపి చూశారని. ఎవరూ వద్దనలేదని, తనూ అనలేదని. కదలకుండా పడున్నవాణ్ణి తన పాకలో పడేయమని వాళ్ళు వెళ్ళిపోయారని. నేను కుర్చీ అంచు పట్టుకుని అంతా విన్నాను. కళ్ళలో ఒక్క చుక్క రాలేదు. తమ్ముడు పోయిన రోజు నుంచీ రాలేదు, దాని సంగతి నాకూ అంతుపట్టలేదు.

"పాకలో ప్రాణం ఉందా?" అని అడిగారు ఎస్సైగారు.

"ఉందండి. కాసేపు ఉందండి."

"ఏమన్నా అన్నాడా?"

అతను నా వైపు చూసి తల దించుకున్నాడు. ఈ మాట అతను నాకూ చెప్పలేదు.

"నీళ్ళు పట్టానండి. తాగాడు. నేను టీచరమ్మగారికి ఫోన్ చేస్తానన్నానండి. వద్దన్నాడండి. 'అక్క క్లాసులో ఉంటుంది, కంగారు పడుద్ది. నువ్వు చెప్పకు. సాయంత్రం ఇంటికెళ్ళి నేనే చెప్తాను' అన్నాడండి."

ఎస్సైగారు ఆ మాట రాసుకోవడానికి వంగారు. సాయంత్రం ఇంటికి వస్తాననే అనుకున్నాడు వాడు. నేను ఆ స్టేషను బల్ల మీద తల పెట్టుకుని, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా, నా తమ్ముడి కోసం ఏడ్చాను.